మెల్లగా పోతేనే అదురు

కాళేశ్వరంలో నిజాముద్దీన్‌కు మోటర్ల డాక్టరని పేరు. బావి మీది కరెంటు మోటరు కాలినా, పొలం గట్టున ఆయిలింజను మొరాయించినా, పిండిగిర్ని ఆగిపోయినా చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు ఆయన షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆయన ముందు చెయ్యి పెట్టడు, చెవి పెడతాడు. స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి అదుముకొని, కళ్లు మూసుకొని కాసేపు వింటాడు. ఆ తర్వాతే రోగం చెబుతాడు. ఆయన చెప్పిన రోగం తప్పని ముప్పై ఏళ్లలో ఎవరూ అనలేదు. ఒక్కరైనా అని ఉంటే బాగుండేదని ఇప్పుడు ఆయనకే అనిపిస్తుంటుంది.

ఆ ముప్పై ఏళ్ల తర్వాత అన్నవాడు ఒకడున్నాడు. అతని సంగతే ఇది.

నిజాముద్దీన్ పని నేర్చుకున్నది జనగామలో. పద్నాలుగేళ్ల వయసులో ఒక ఉస్తాదు షెడ్డులో చేరి, ఐదేళ్లు ఆయిలింజన్లు కడుగుతూ, విప్పుతూ, బిగిస్తూ పెరిగాడు. అదిరే ఇంజనును ఎలా లొంగదీయాలో ఆ ఉస్తాదే నేర్పాడు. కింద మందపాటి రబ్బరు వేసి, పైనుంచి బోల్టులు ప్రాణం పోయేలా బిగించాలి. సిమెంటు గద్దె మీద కూర్చున్న ఆయిలింజనుకు ఆ మందు చక్కగా పనిచేసేది. కాళేశ్వరానికి తిరిగొచ్చి సొంత షెడ్డు వేసుకున్నాక రబ్బరుకు కొదవే లేకపోయింది. భూపాలపల్లి బొగ్గు బావుల్లో అరిగిపోయిన బెల్టు తుక్కు దుకాణాల్లో దొరుకుతుంది. బొగ్గును మోసే బెల్టు అది. మధ్యలో గుడ్డ పొరలు, పైనా కిందా రాయిలాంటి నల్ల రబ్బరు. ఆ ప్రాంతంలో దానితో చెయ్యని పనిలేదు. చెప్పులు కుడతారు, బర్రెల కొట్టంలో పరుస్తారు, ట్రాక్టరు తొట్టిలో వేస్తారు. నిజాముద్దీన్ ఇంజన్ల కింద వేశాడు. వందల ఇంజన్ల కింద వేశాడు.

పడవలకు మోటర్లు వచ్చింది మాత్రం పదేళ్ల కిందటే. అంతకు ముందు యాత్రికులను గోదావరిలో సంగమం దాకా వెదురు గడలతోనే తోసుకుపోయేవాళ్లు. రేవులో మొదట మోటరు కొన్నది అరుంధతి భర్త. సెకండ్‌హ్యాండుది, రెండు సిలిండర్లది, ఎవరో వాడి వదిలేసింది. దాని వెంట పుస్తకం కూడా రాలేదు. కొన్న మరుసటేడు ఆయన పచ్చకామెర్లతో పోయాడు. అరుంధతి పడవ అమ్మలేదు. మోటరు హ్యాండిలు ఐలేశ్ చేతికిచ్చి బేరం తానే చూసుకుంది.

ఐలేశ్ తండ్రి ఆ రేవులోనే గడ వేసినవాడు. ఐలేశ్ సన్నటి మనిషి, మాట తక్కువ. మాట్లాడితే నీళ్ల సంగతే మాట్లాడేవాడు. ఈ నెలలో ఇసుక ఎటు జరిగింది, ఏ మలుపులో నీళ్లు లోతు తగ్గాయి, అవే ముచ్చట్లు. సంగమం దగ్గరికి పోగానే మోటరును బాగా మెల్లగా చేసేవాడు. ముసలమ్మలు అంచు మీదికి వంగి దోసిట్లో నీళ్లు తీసుకునే చోటు అది. పడవ అక్కడ ఉయ్యాలలా పోవాలి. అతని పడవ అలాగే పోయేది.

రెండేళ్ల కింద, శివరాత్రి ఇంకో ఎనిమిది రోజులుందనగా, ఆ మోటరు షెడ్డుకు వచ్చింది. పడవకు తగిలించే బిగింపుకూ ఇంజనుకూ మధ్య నాలుగు రబ్బరు దిమ్మలుంటాయి. అవి మెత్తబడి, నూనె తాగి చిరిగిపోయాయి. పట్నం నుంచి కొత్తవి తెప్పించాలంటే మూడు వారాలు పడుతుందన్నారు.

“పండుగ పోతది గద భాయ్,” అంది అరుంధతి.

“నువ్వేం ఫికర్ జెయ్యకు చెల్లె. నా దగ్గర గంత కంటె మంచి రబ్బరున్నది,” అన్నాడు నిజాముద్దీన్.

బెల్టులోంచి నాలుగు దిమ్మలు కోశాడు. బెజ్జాలు పెట్టి, లోపల కూర్చోబెట్టి, బోల్టులు బిగించాడు. ఇంజనును పట్టుకొని ఊపి చూస్తే వెంట్రుకంత కదల్లేదు. “ఇగ ఈ జన్మల ఊడది,” అన్నాడు సంతోషంగా.

మూడో రోజున ఐలేశ్ షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అన్నా, మోటరు అదురుతున్నది. స్పీడు పెంచితె సాఫ్‌గ పోతది. మెల్లగ జేస్తెనే పడవంత గజగజ వణుకుతది. నిన్న ఒక అవ్వ భయపడి ఒడ్డుకు తోలుకపోమని ఒకటే లొల్లి.”

నిజాముద్దీన్ రేవుకు పోయాడు. మోటరును పైకి ఎత్తించి నీళ్లలో తిరిగే పంకాను వేలితో తడిమాడు. ఒక రెక్క అంచున కందిగింజంత నొక్కు దొరికింది. అలాంటి నొక్కులు ఆ రేవులో ఏ పంకాకైనా ఉంటాయి, గులకరాళ్ల నది కదా.

“పంకా దెబ్బతిన్నదిరా. యాడ్నో రాయికి తగిలిచ్చినవ్.”

“తగల్లేదన్నా.”

“తగలకుంటె నొక్కు యాడికెల్లి వచ్చింది, ఆకాశంకెల్లి పడ్డదా?”

చుట్టూ చేరిన పడవలవాళ్లు నవ్వారు. ఐలేశ్ నవ్వలేదు. కింద చూస్తూ, కానీ అందరికీ వినబడేలాగే అన్నాడు:

“నొక్కు పాతదన్నా. నువ్వు రిపేరు జేసిన కాన్నుంచే గిట్లయితున్నది.”

ఆ మాట ముప్పై ఏళ్లలో నిజాముద్దీన్‌తో ఎవరూ అనలేదు. చెవులు వేడెక్కాయి. అయినా పెద్దమనిషి తరహాగా, “సరే నడువు, జూద్దాం,” అని పడవెక్కాడు. నది మధ్యదాకా పోయారు. మెల్లగా పోతున్నప్పుడు కూర్చున్న చెక్క తొడల కింద గిలగిలలాడింది. ఐలేశ్ హ్యాండిలు తిప్పి వేగం పెంచగానే అదురు అణిగిపోయింది. మళ్లీ తగ్గించాడు, మళ్లీ వణికింది. ఐలేశ్ ఆయన ముఖంలోకి చూశాడు. నిజాముద్దీన్‌కు మనసులో ఏదో తట్టింది. తట్టినదాన్ని ఆయన అక్కడే నీళ్లలో వదిలేశాడు.

ఒడ్డుకు రాగానే, “పంకాయే,” అన్నాడు. “రాయి దెబ్బ.”

ఆ రేవులో ఒక కట్టుబాటుంది. రాయికి తగిలించడం తప్పు కాదు. నది అన్నాక ఎవరికైనా తగులుతుంది. తగిలించినవాడు ఒడ్డు చేరగానే పదిమందిలో చెప్పాలి, ఆ చోటు చూపించాలి. అక్కడ కర్ర పాతి ఎర్రగుడ్డ కడతారు. మిగతా పడవలు జాగ్రత్తపడతాయి. తగిలించి దాచినవాడికి మాత్రం మళ్లీ హ్యాండిలు ఇవ్వరు. ఒకడు దాచిన రాయి మీద రేపు ఇంకొకడి పడవ నిండు జనంతో ఎక్కుతుంది మరి.

పడవలవాళ్లలో పెద్దవాడు ఎల్లస్వామి. ఆయన ఐలేశ్‌ను పక్కకు పిలిచి నెమ్మదిగానే అడిగాడు.

“జాగ సూపియ్‌రా. ఒక్క మాట జెప్తె అయిపాయె. నాకు తగల్లేదా, మీ నాయినకు తగల్లేదా? గండ్ల సిగ్గేందిరా?”

“తగల్లే బాపూ. లేని రాయిని యాడ సూపియ్యాలె?”

రెండు రోజులు వెదుళ్లతో నది అడుగంతా పొడిచి వెతికారు. ఏ రాయీ దొరకలేదు. దొరక్కపోవడం కూడా ఐలేశ్‌కే చుట్టుకుంది. ఎంత గట్టిగా దాస్తున్నాడో చూడండన్నారు. డాక్టరు చెప్పిన రోగం కదా. శివరాత్రి నాడు అరుంధతి పడవ హ్యాండిలు వేరేవాడి చేతిలో ఉంది. ఐలేశ్‌ను తాడు లాగే పనికి ఉండమన్నారు. పండుగ దాటేదాకా ఉన్నాడు. తర్వాత భార్య చిలుకమ్మను తీసుకొని ఆమె పుట్టిన ఊరు మరిపెడ దిక్కు వెళ్లిపోయాడని విన్నారు.

పంకా కొత్తది వేసినా అదురు పోలేదు. “పంకాను దిప్పే షాఫ్టు గూడ వంగినట్టుంది, గా దెబ్బకే,” అన్నాడు నిజాముద్దీన్. అందరూ నమ్మారు. కొన్నాళ్లకు అలవాటు పడ్డారు. కొత్తగా హ్యాండిలు పట్టినవాడు సంగమం దగ్గర కూడా వేగంగానే తిప్పుకొచ్చేవాడు. ముసలమ్మలు చేతులు చాపేలోపే నీళ్లు దాటిపోయేవి.

ఈ ఏడు వానలు తగ్గాక మోటరు బిగింపు పగిలింది. రెండేళ్ల వణుకుకు ఇనుము అలసిపోయింది. అరుంధతి పట్నం నుంచి కొత్త బిగింపు తెప్పించింది. దాని పెట్టెలోనే నాలుగు రబ్బరు దిమ్మలు కూడా వచ్చాయి.

నిజాముద్దీన్ ఒక దిమ్మను చేతిలోకి తీసుకొని నొక్కాడు. బొటనవేలు లోపలికి దిగింది. వదలగానే మెల్లగా పైకి లేచింది. పాత బిగింపు విప్పి తాను కోసిన బెల్టు దిమ్మను బయటికి తీశాడు. రెండేళ్లయినా దాని ముఖం మీద బోల్టు గుర్తు తప్ప ఇంకేమీ లేదు. వేలితో నొక్కితే వేలే నొచ్చింది.

అదురును బిగించి ఆపడం కాదు, దాన్ని మింగే మెత్తటిది మధ్యలో ఉండాలి. పడవకు సిమెంటు గద్దె ఉండదు. బిగిస్తే ఇంజను వణుకంతా నేరుగా చెక్కలోకే పోతుంది. మెల్లగా తిరిగేటప్పుడే రెండు సిలిండర్ల ఇంజను ఎక్కువ కుదుపుతుంది. అక్కడే ఆ మెత్తదనం అవసరం. ఆయనకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమైనా ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆ రోజంతా ఇంకో దోషి కోసం వెతికాడు. కొత్త బిగింపులో బెల్టు దిమ్మలనే మళ్లీ బిగించి, మోటరును నీళ్ల డ్రమ్ములో నిలబెట్టి నడిపించాడు. ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూశాడు. తీసిన ప్రతిసారీ ఇంజను గొంతు మారింది, అంటే రెండు సిలిండర్లూ కాలుతున్నాయి. కార్బొరేటరు విప్పి, మెల్లగా నడిచేటప్పుడు పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాన్ని తీగతో శుభ్రం చేశాడు. ఆగకుండా నడిచేంత వేగాన్ని సరిచేశాడు. పంకా వెనక చుట్టుకున్న దండల దారాన్ని బ్లేడుతో కోసి తీశాడు. షాఫ్టును తిప్పి చూశాడు. సూదిలా ఉంది, ఎక్కడా వంకర లేదు. ఒక్కో పనీ అయ్యాక స్టార్టు చేశాడు. ఒక్కోసారీ డ్రమ్ములో నీళ్లు చిందులు తొక్కాయి.

చివరికి బెల్టు దిమ్మలు తీసి కొత్తవి పెట్టాడు. షెడ్డు గోడకు మేకుకు వేలాడుతున్న పాత పంకాను, ఐలేశ్ కాలం నాటి నొక్కు పంకాను తెచ్చి తగిలించాడు. స్టార్టు చేసి బాగా మెల్లగా తిప్పాడు.

నీళ్లు కొద్దిగా చలించి ఊరుకున్నాయి. ఇంజను పైభాగం రబ్బరు మీద తనలో తాను ఊగుతోంది. చెయ్యి వేసిన బిగింపులో మాత్రం ఏ కదలికా లేదు.

భార్య రషీదా బేగం చాయ్ తెచ్చేసరికి ఆయన మోటరు ఆపేసి పక్కన గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు.

“క్యా హువా జీ? బాగైంది గద, ముఖమెందుకు గట్ల పెట్టినవ్?”

“ఐలేశ్ తగిలియ్యలేదు,” అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసు కింద పెట్టి, “ఎవరికి జెప్పినవ్?” అంది.

“ఎవ్వరికి జెప్పలే.”

“చాయ్ తాగి పో. చల్లారినంక పోతె పోబుద్ధి గాదు.”

రేవులో పడవలవాళ్లు చింతపండు చారు, ఎండు చేపలతో అన్నాలు తింటున్నారు. నిజాముద్దీన్ నిలబడే చెప్పాడు. బెల్టు ముక్కను ఒక చేత్తో, షెడ్డు మూలన పడి ఉన్న చిరిగిన పాత రబ్బరు దిమ్మను ఇంకో చేత్తో పట్టుకొని చెప్పాడు.

ఎల్లస్వామి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “ఓర్ని! రెండు దినాలు గా నదంత పొడిస్తిమి గదనే. రాయి నీ షెడ్డుల వెట్టుకొని మమ్ముల నీళ్లల్ల దేవులాడిపిస్తివా?”

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. ఎల్లస్వామి చేతిలోని ముద్దను పళ్లెంలోనే వదిలేశాడు. “వాని నాయినతోని కలిసి గడ వేసినోణ్ణి. నేనన్న నమ్మాలె గద,” అన్నాడు తనలో తానే.

అరుంధతి బెల్టు ముక్కను తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఐలేశ్ హ్యాండిలు ఐలేశ్‌కే ఇస్త,” అంది. “పోయి తోలుకరా భాయ్. నువ్వే పోవాలె.”

మరుసటి రోజు పొద్దున మొదటి బస్సుకు భూపాలపల్లి, అక్కడి నుంచి హనుమకొండ, తొర్రూరు మీదుగా మరిపెడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా ఆయన చెప్పాల్సిన మాటలు పేర్చుకుంటూనే ఉన్నాడు. మొదట సలాం చెప్పాలా, తప్పు చెప్పాలా? హ్యాండిలు సంగతి ముందు చెబితే మిగతాది కొంచెం తేలికవుతుందా? ఒక్కో ఊరు దాటేకొద్దీ ఆ మాటలు చెడిపోతూ వచ్చాయి.

అడుగుతూ పోతే జాడ దొరికింది. ఐలేశ్ ఒక మిర్చి గోదాములో హమాలీ పని చేస్తున్నాడు. నెత్తికి రుమాలు, మూతికి రుమాలు. సంచి వీపు మీది నుంచి దించి, ఆయన్ను చూసి ఒక్క క్షణం ఆగి, మూతి గుడ్డ కిందికి లాగాడు. చిక్కిపోలేదు. భుజాలు ఇంకా మందమయ్యాయి. జుట్టు మాత్రం తెల్లబడింది.

“నిజామన్నా! నువ్వేంది గిట్లొచ్చినవ్?”

నిజాముద్దీన్ చెప్పడం మొదలుపెట్టాడు. మిర్చి ఘాటుకు నాలుగో మాటకే దగ్గు వచ్చింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. పక్కన సంచులు కుడుతున్న సోమ్లా నవ్వాడు. “కొత్తోళ్లందరు ఈడ ఏడుస్తరు పెద్దాయినా. మూడో దినం ఆగుతది.”

ఐలేశ్ ఆయన్ను బయటికి, ఎండలోకి తీసుకుపోయి కుండలోని నీళ్లు ఇచ్చాడు. నిజాముద్దీన్ అక్కడ అంతా చెప్పాడు. బెల్టు దిమ్మలు, కొత్త రబ్బరు, నొక్కు పంకాతోనే మోటరు సాఫీగా నడిచిన సంగతి, రేవులో పదిమందిలో ఒప్పుకున్న సంగతి. అరుంధతి హ్యాండిలు ఇస్తానన్నదని చివర్న చెప్పాడు. ఐలేశ్ చేతికి అంటిన ఎర్రటి పొడిని గోటితో గీకుతూ విన్నాడు.

“అన్నా, ఒక్కటడుగుత. గా దినం నది నడుమల నేను స్పీడు పెంచి, తగ్గిచ్చి సూపిచ్చిన. నీకు సమజ్ కాలేదా? సమజ్ అయి గూడ ఊకున్నవా?”

ఈ ప్రశ్నకు ఆయన బస్సులో జవాబు పేర్చుకోలేదు. పడవ మోటరు తనకు కొత్తని, పుస్తకం లేదని, శివరాత్రి తొందరని చెప్పొచ్చు. అన్నీ నిజాలే. కానీ ఆ రోజు పడవలో తట్టినదేమిటో ఆయనకు బాగా గుర్తుంది. ఇంట్లో తిరిగే పంకా రెక్క వంగితే వేగం పెంచేకొద్దీ ఊగుతుంది, తగ్గిస్తే ఊరుకుంటుంది. ఈ మోటరు దానికి తలకిందులుగా చేస్తోంది. కాబట్టి ఇది పంకా కాదు. అది తెలియడానికి పుస్తకం అక్కర్లేదు. ఒడ్డు చేరేలోపు ఆయన ఆలోచించింది మోటరు గురించి కాదు. పడవలవాళ్ల ముందు ఐలేశ్ అన్న మాటను ఎలా తిప్పికొట్టాలా అని ఆలోచించాడు.

“అయింది,” అన్నాడు నిజాముద్దీన్. “పంకా గాదని సమజ్ అయింది. ఏందో తెల్వలే. తెల్వదని జెప్పబుద్ధి గాలే.”

ఐలేశ్ తలాడించాడు. కోపం వస్తుందేమోనని నిజాముద్దీన్ ఎదురు చూశాడు. రాలేదు.

“రెండేండ్ల సంది మనసుల ఒకటే పరేషాన్ అన్నా. నిజంగనే తగిలిచ్చిన్నా, నాకే యాదికి లేదా అని. నిద్రల గూడ నది దేవులాడేటోణ్ణి.”

“రా తమ్మీ. అందరు నీ కోసం సూస్తున్నరు. ఎల్లస్వామి బాపు గూడ...”

“గప్పుడు నీ మాట మీద ఎల్లగొట్టిన్రు. గిప్పుడు నీ మాట మీద పిలుస్తున్నరు.” ఐలేశ్ గొంతు పెంచలేదు. “నా మాట ఏ దినం విన్రన్నా గాళ్లు? రేపు నిజంగనే రాయి తగిలి, గీడ తగిలిందని జెప్తె నమ్ముతరా? నువ్వొచ్చి సూసి అవునంటెనే నమ్ముతరు. గసొంటి కాడ హ్యాండిలు ఎట్ల పట్టాలె?”

లోపలి నుంచి ఎవరో అతని పేరు పెట్టి కేకేశారు. లారీ వచ్చినట్టుంది. ఐలేశ్ మూతికి రుమాలు కట్టుకున్నాడు.

“ఎండల వచ్చినవ్, ఇంటికి పోయి ఇంత తినిపో. గా నల్లా పక్క రేకుల ఇల్లు. చిలుక ఉంటది.”

వెళ్లకుండా తిరిగిపోదామనుకున్నాడు. కానీ కాళ్లు అటే నడిచాయి. చిలుకమ్మ గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆయన్ను గుర్తుపట్టి లేచి మంచం వాల్చింది. మొగుడితో చెప్పిందంతా ఆమెకూ చెప్పాడు. ఈసారి మాటలు తొందరగా అయిపోయాయి.

ఆమె మళ్లీ కూర్చుని తొడిమలు తీయసాగింది.

“నేను గూడ అడిగిన భాయ్,” అంది. “ఈడికొచ్చిన కొత్తల. మనిద్దరమే ఉన్నం గద, నాకన్న జెప్పు, తగిలిచ్చినవా అని అడిగిన. గా దినంకెల్లి నాతోని నీళ్ల ముచ్చట తియ్యడు.”

ఆమె అన్నం పెట్టింది. నిజాముద్దీన్ మెతుకు వదలకుండా తిన్నాడు. పళ్లెంలో వదిలేసే హక్కు తనకు లేదనిపించింది.

బస్టాండులో తొర్రూరు బస్సుకు గంట సేపు కూర్చున్నాడు. రేవులో ఏం చెప్పాలో ఇప్పుడు బాగానే తెలుసు. ఐలేశ్ రాడని, తప్పు అతనిది కాదని, అది తనకు ఆ రోజే తెలుసని చెప్పాలి. నిన్న వాళ్లకు చెప్పినప్పుడు ఆ చివరి మాట తాను చెప్పలేదు. బెల్టు గురించే చెప్పాడు.